పద్నాలుగు సెకన్లు

ఆరిలోవ చివర
కొండ మీదికి నూట ముప్పయ్యారు మెట్లు.
మా ఎర్రబండి అక్కడికి ఎక్కదు.
నాలుగున్నర వేల లీటర్ల నీళ్లు
కింద కిరాణా కొట్టు ముందు నిలబడి
పైకి చూస్తుంటాయి.

అందుకే ఎండలు ముదరకముందే
మాటల్నైనా పైకి మోసుకెళ్లమన్నారు పెద్దసారు.
నేనూ, తవిటినాయుడూ,
ఒక ప్రొజెక్టరూ, తెర కోసం వాళ్లావిడ దుప్పటీ.

మొదటి బొమ్మ పడగానే కరెంటు పోయింది.
పిల్లలు ఈలలు వేశారు.
చీకట్లోనే బట్టీపట్టింది అప్పజెప్పాను:
ఎండుగడ్డి తగలబెట్టరాదు
చుట్టముక్క విసరరాదు
చెత్తకి నిప్పు పెట్టరాదు

"ఏటి బాబూ, అన్నీ రాదు రాదంతావు,
మరి నీకొచ్చిందేటి?"
అంది దేముడమ్మ.

కొండంతా నవ్వింది.
చీకటి నా మొహాన్ని దాచింది కాబట్టి సరిపోయింది.

ముప్పై మేకలు ఆమెకి.
ఏటేటా కొండకి అగ్గెట్టేది తనేనని
బియ్యం ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.
పాత గడ్డి కాలితే చిగురు,
చిగురుంటే మేక,
మేకుంటే మనవరాలి ఫీజు.
"పొద్దెక్కాక సముద్రం ఊదతాది, మంట పైకి పోతాది.
రేత్రి కొండ ఊదతాది, మంట మా యిళ్ల మీదకొస్తాది.
మజ్జిలో ఒక్క గడియ
రెండూ ఊపిరి బిగబడతాయి."

మా పుస్తకంలో గాలికి ఒక బాణం గుర్తుంది.
అది ఊపిరి పీల్చడం నేనెప్పుడూ చూళ్లేదు.

ఆ రాత్రి బేరం కుదరలేదు.
మూడోసారి వెళ్లినప్పుడు,
రెండు టీల తర్వాత, కుదిరింది:
అగ్గెట్టదు.
బదులుగా ఇళ్ల వెనక పదిగజాల వెడల్పున
మేకలు నేల కనబడేదాకా మేస్తాయి.
మిగిలిన మోళ్లు మేం కొడతాం.
అగ్గిగీత అని నేనన్నాను.
మేకల రోడ్డని పేరు స్థిరపడింది.

ఫోనులో గ్రూపు పెట్టాం, 'కొండ కబురు'.
రెండొందల పదకొండు మంది.
సారు హెచ్చరిక పెడితే రెండు బొటనవేళ్లు,
గులాబీతో శుభోదయం పెడితే నలభై.
ఎవడో ఎక్కడి అడవి మంటలో పెట్టి
మన కొండే అన్నాడు.
బాలింతని కుర్చీలో కూర్చోబెట్టి
మెట్లన్నీ దింపేశారు.
మర్నాడు గడపగడపకీ ఎక్కి
అది మన కొండ కాదమ్మా, కాదమ్మా అని చెప్పుకున్నాం.
అబద్ధం ఎగిరొచ్చింది.
నిజానికి మోకాళ్లు నొప్పెట్టాయి.

ఏప్రిల్లో ఒక రాత్రి, ఒంటిగంట పది.
దేముడమ్మకి రాయడం రాదు.
మనవరాలు నేర్పిన మైకు గుర్తు మీద
వేలు నొక్కిపట్టి పంపింది.
పద్నాలుగు సెకన్లు.
మాట లేదు.
గాలనుకున్నాను ముందు.
తర్వాత, ఎవరో దూరంగా
మూకుట్లో పేలాలు వేయిస్తున్నట్టు.
చివర్న ఒక దగ్గు.

బూట్ల తాళ్లు ఎప్పుడు కట్టానో గుర్తులేదు.

కొట్టు దగ్గర బండి ఆగింది.
వగరుస్తూ పైకెక్కేసరికి
అరవై మంది దాకా,
కానుగ రొట్టలతో, తడి గోనెలతో
మేకల రోడ్డు మీద వరసగా ఉన్నారు.
మంట దిగొచ్చి వట్టి నేల దగ్గర
తడుముకుంటోంది.
ఒక్కరూ గడ్డిలోకి అడుగుపెట్టలేదు.
ఆ మాట ఒక్కటే నాది.
మిగిలిందంతా ఆవిడది.

తెల్లారేసరికి ఒక టార్పాలిన్ వంటిల్లు పోయింది.
రెండు మేకపిల్లలు పోయాయి.
ఎవరంటించారో తేలలేదు.
దేముడమ్మ నాతో ఏం మాట్లాడలేదు,
నల్లబడ్డ మేకమెడ గంటని
కొంగుతో తుడుచుకుంటూ కూచుంది.
ఏడింటికి గ్రూపులో గులాబీలొచ్చాయి.

ఫోను నిండిపోయిందని రోజూ గోల చేస్తుంది.
పెళ్లి ఫోటోలు తీసేశాను,
ఆ పద్నాలుగు సెకన్లు తీయలేదు.
కొత్తగా చేరిన కుర్రాళ్లకి వినిపిస్తాను.
"ఏం వినబడింది?"
"గాలి సార్."

మళ్లీ వినండి.