అరికాలి ముద్ర

ఆయ్, విన్నానండి మాస్టారూ.
పంటు ఇంజను చప్పుడులో సగం కొట్టుకుపోయినా
అసలు ముక్క చెవిన పడింది.
పుట్టకముందే ఆత్మలు కూర్చుని
ఎవరి బతుకు వాళ్ళు ఏరుకుంటాయని,
కష్టంతో సహా.

వీణ్ణి చూసే కదండీ అన్నారు.
పదకొండేళ్ళు. దీవెన కుమార్.
మెడ నిలవదు, మాట రాదు.
మూర్ఛ వచ్చిన రాత్రి
మంచం కోళ్ళు కూడా వణుకుతాయి.

పాస్టరు గారు పరీక్ష అన్నారు.
మా అత్తగారు, ఏ జన్మలోదో, అని
గోడవైపు తిరిగి పడుకుంది.
కాకినాడ డాక్టరు, కాన్పు ఆలస్యమైంది, గాలి అందలేదు, అని
కాగితం మీద రాసిచ్చాడు.
ఏరుకోవడం అన్నది మీరొక్కరే.
కోపం రాలేదండి, నిజం చెప్పాలంటే.
ఇంకా రాలేదు.

ఎక్కడుంటుందండి ఆ కొట్టు?
నర్సాపురం బట్టల కొట్టులోలా
పరుపు మీద కూర్చోబెట్టి
ఒక్కో బతుకూ మడత విప్పి పరుస్తారా?
"ఆ మూలది తియ్యండి, మెడ నిలవనిది" అని
వీడు వేలు చూపించాడా?
వీడికి వేలు చూపించడం రాదు కదండీ.

నేను లేసు అల్లుతాను.
ఏజెంటు శాంపిలు తెస్తాడు, పువ్వో, పైనాపిలో.
నచ్చిందా అని ఒక్కనాడూ అడగలేదు.
దారం తూచి పడేస్తాడు, డజనుకింత అంటాడు.
తప్పు పడితే ఆరు వరసలు విప్పేసి
మళ్ళీ మొదలెట్టుకుంటాను.
వీడి తల ఇరుక్కున్న ఆ గంటన్నర
ఏ సూదితో విప్పనండి?

తుఫాను ఏడు నాకు తొమ్మిదేళ్ళు.
మా పేటలో ఒక్క పాకలో పదమూడు మంది.
పదమూడు ఆత్మలూ ఒకే రాత్రిని ఏరుకున్నాయా?
తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లకి తలల్లేవు.
అవీ ఒప్పుకునే మొలిచాయా?
అడుగుతున్నానంతే. మీరు చదువుకున్నారు.

వీడు పుట్టినప్పుడు, అమలాపురం ఆసుపత్రిలో,
నర్సమ్మ అరికాలికి ఊదా సిరా రాసి
కేసు షీటు మీద ఒత్తింది.
ఇంకా ఏడవనే లేదు వీడు.
కాలు మాత్రం నా బొటనవేలంత, చల్లగా.
సంతకమంటే అదేనంటారా?
అలాగైతే చదివి వినిపించకుండా పెట్టించుకున్నారండి,
మా నాన్న చేత రొయ్యల చెరువు లీజు కాగితం మీద
వేలిముద్ర వేయించుకున్నట్టు.
చేను ఉప్పెక్కిపోయింది.
ముద్ర ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

అయినా, మీకు చెప్పడానికేంటి,
ఒకసారి నేనూ అడిగాను.
ముసురు పట్టిన రాత్రి, కరెంటు పోయి,
వీడు ఒళ్ళో చెమటకి తడిసి పడుకుంటే
నన్నెందుకు ఏరుకున్నావురా, అని.
ఎవరూ నేర్పకుండానే వచ్చింది ఆ మాట.
పక్కింటివాళ్ళు విన్నారేమో అని సిగ్గేసింది కూడా.

అదుగో, సఖినేటిపల్లి రేవు.
మాటలాపి ఇప్పుడు వీణ్ణి చూడండి.
ఇనప రేకు గట్టుకి తగిలి దడేలుమంటుంది,
నవ్వాడా!
ప్రతిసారీ ఇంతే.
వెళ్ళేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి.
అన్నీ ఏరుకున్నాడంటే ఒప్పుకోనండి.
ఈ ఒక్కటీ ఎవరో ముందు పెట్టి
మిగతావి వెనకాల దాచి ఉంటారు.

మీ గొడుగండీ.
మర్చిపోతున్నారు.