ఎర్తు దొరకని బండి

తెడ్డు పరసయ్య మెడ
ఫిబ్రవరి నుంచీ తిరగడం లేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు టగ్గు నడిపిన మెడ,
ఓడ ముక్కునీ తోకనీ ఒకేసారి కనిపెట్టుకున్న మెడ,
ఇప్పుడు తుప్పుకి పట్టేసిన బోల్టు.

"ఎనక్కి సూసే కన్నొకటి పెట్టరా,
ఫోను కూడా దాంట్లోకి ఎక్కించు" అంటూ
కంచరపాలెం గేటు దగ్గర, నా షెడ్డు ముందు
బండి ఆపాడు.

రెండే సీట్లు. గుడ్డ టాపు.
ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు డాబా మీద మరిచిపోయిన మిరపకాయ.
బదిలీ అయిపోతున్న నేవీ కుర్రాడెవరో
అయినకాడికి ఇచ్చేసి పోయాడట.
లోపల కూచుంటే తారురోడ్డు మీదే కూచున్నట్టుంటుంది,
పక్క లారీ చక్రానికి నట్లెన్నో లెక్కపెట్టుకోవచ్చు.

డాష్‌బోర్డు విప్పాను.
పాత క్యాసెట్ ప్లేయరు ఊడొస్తూ
చారెడు యారాడ ఇసక, రెండు పావలాలు,
ఒక జడపిన్ను రాల్చింది.
ఇసక ఊడ్చాను.
జడపిన్ను గురించి ఇద్దరం మాట్లాడలేదు.

కొత్త స్క్రీను ఏడంగుళాలు, బండి నోరు చిన్నది.
అరగంట ఆకురాయి పట్టాను.
రివర్సు లైటు వైరు గిల్లి చూస్తే
లోపల రాగి లేదు, పచ్చటి పొడి.
ఈ ఊళ్ళో ఉప్పు
జీతం అడక్కుండా రాత్రీపగలూ పనిచేస్తుంది.

కొత్త వైరు లాగాను.
నంబరు ప్లేటు మీద కెమెరా బిగించాను.
బొమ్మ రాలేదు.
ఫ్యూజు మార్చాను.
రాలేదు.
రెండోరోజు మధ్యాహ్నం టీ గ్లాసు బండి మీద పెడితే
టక్కుమంది. ఇనప చప్పుడు కాదు.
ఫైబరు!
నా బుర్ర నేనే బాదుకున్నాను.
ఏ బండికైనా రేకులోకి స్క్రూ దిగితే చాలు, అదే ఎర్తు.
ఈ వొంట్లో ఎక్కడ ముట్టుకున్నా నేల లేదు.
కిందకి దూరి, తుప్పు గీకి,
ఛాసిస్ నుంచి నల్ల వైరొకటి పైదాకా తెచ్చి కట్టాను.
అప్పుడు తెరిచింది కన్ను:
గేటు, గేటవతల కదలని గూడ్సు,
మా వీధి కుక్క తోక.

"ఈ గీతలకి రంగులేటి?"
"పచ్చ అంటే దూరం, పసుపు జాగర్త, ఎరుపు ఆగు."
"తప్పు. ఎరుపు ఎడం, పచ్చ కుడి.
దూరానికి రంగేటిరా? దూరం దూరమే."

ఫోను కలిపాక పేర్లన్నీ దిగాయి, నాలుగొందల పన్నెండు.
వేలితో జరుపుతూ జరుపుతూ
ఒక్కోచోట ఆగేవాడు.
"ఈడు లేడు. ఈడూ లేడు."
తీసేయనా అన్నాను.
"ఉండనీ. లాగలేని బరువేటి?"

ట్రయలుకి రాత్రి బీచి రోడ్డు ఎక్కాం.
దారి చెప్పే ఆడగొంతుకి ప్రతి మలుపులోనూ
"అందింది" అని బదులిచ్చాడు, వైర్‌లెస్‌లో లాగ.
జోడుగుళ్ళపాలెం దాటాక, గోడ లేని చోట,
రెండు రాళ్ళ మధ్య
ఒక్క పట్టున వెనక్కి పెట్టాడు.
టగ్గునెప్పుడూ ముక్కు బయటికుంచే కట్టాలట,
ఏ రాత్రి పిలుస్తారో తెలీదట.

ఇంజను ఆపలేదు. గేరు తియ్యలేదు.
స్క్రీనులో ఏడంగుళాల సముద్రం,
దాని అడుగున ఎర్ర గీత.
వంతు కోసం లంగరేసుకున్న ఓడల దీపాలు
పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. తొమ్మిది.
నేను తల తిప్పి చూశాను.
పదకొండు.
చెప్పలేదు.

కాసేపటికి క్లచ్చి మీద ఆయన కాలు వణకడం మొదలెట్టింది.
గేరు తీస్తే బొమ్మ పోతుంది మరి.

రేపు ఒకసారి రమ్మన్నాను.
విడిగా స్విచ్చి ఒకటి పెడితే చాలు,
గేరు లేకుండానే వెనక కనిపిస్తుంది.
స్విచ్చి నలభై రూపాయలు.
మజూరీ వద్దు.