సూది గెంతే చోటు

నర్సాపురంలో పంటెక్కి ఇటు రేవులో దిగి
కొరియర్ కుర్రాడు తెచ్చిచ్చాడు
నాలుగు పొరల అట్ట మధ్య, పలచగా, బరువుగా.
అదే బొమ్మ. గిటారు మీద వాలిన నల్లటి చెయ్యి,
వెనక మసగ్గా నలభై వయొలిన్లు.
"మళ్ళీ అచ్చేశారు రా" అన్నాడు సూర్యచంద్రం మావయ్య
చేతులు లుంగీకి రెండుసార్లు తుడుచుకుని.

పాతదాన్ని ఎనభయ్యారు వరద తాగింది.
అట్ట ఊడొచ్చింది. రికార్డు మాత్రం
బురద కడిగితే పాడింది, ఒక్కచోట తప్ప.
పెళ్ళికైనా, ఎలక్షన్‌కైనా
కొబ్బరిచెట్టుకి హార్ను కట్టాక మొదట దాని రెండోవైపే.
"ఇది పలికితే ఏదైనా పలుకుద్ది."
సఖినేటిపల్లిలో దాని పేరు ఎవరికీ తెలీదు.
మైకు టెస్టింగు పాట, అంతే.

ఇవాళ షట్టరు సగం దించి వేశాం.
చిటపటల్లేవు.
గిటారు గట్టెంట నడుస్తుంటే
వయొలిన్లు సముద్రప్పోటులా ఏటికి ఎదురెక్కాయి.
ఆ చోటు వచ్చింది.
సూది గెంతలేదు.
ఇన్నేళ్ళూ మాకు వినపడని నాలుగు స్వరాలు
తాపీగా, ఏమీ ఎరగనట్టు, మెట్లు దిగి వెళ్ళాయి.
మావయ్య నావైపు చూశాడు
ఎవరో చెప్పులతో ఇంట్లోకొచ్చినట్టు.

బయట ఐసుపెట్టెలు సర్దుకుంటూ
చేపల మంగతాయారు ఈలేస్తోంది,
మా పాటే,
గెంతే చోట గెంతి
రికార్డుకన్నా ముందెళ్ళిపోయింది.

మావయ్య షట్టరు పైకెత్తాడు.
"ఆగవే తల్లీ,
మధ్యలో ఇంకాస్తుందంట."