ఎడం చెయ్యి

గ్లవ్సు తొడిగాక లేసు కట్టుకోడానికి
ఎంతటోడికైనా రెండో మనిషి కావాలి.
నాకు జిలానీ ఉండేవాడు.

వన్‌టౌన్లో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డు,
అప్పల్సామి మాస్టారి క్లబ్బు.
ఒక ఇసక బస్తా, రెండు జతల గ్లవ్సు,
ఎండుచేపల వాసన.
"ఒరే పోలిగా, ఎడం చెయ్యి దించేస్తన్నావ్"
అని వాడు అరవని రోజు లేదు.
అరుస్తూనే, దించిన చోట ఒకటి తగిలించేవాడు.

ఇద్దరం యాభై ఏడు కిలోలే.
అక్కడే వచ్చింది చిక్కు.
తూకం ముందురోజు వానకోట్లు తొడుక్కుని
కోస్టల్ బ్యాటరీ నుంచి లాసన్స్ బే దాకా పరుగు,
ఉమ్మి కూడా బరువేనని దారంతా ఉమ్ముకుంటూ.
తూకం అయ్యాక హలీమాబీ ఒకే పళ్ళెంలో సేమ్యా పెట్టేది.
మధ్యలో చెంచాతో గీత గీసుకుని
ఎవడు ముందు గీత దాటతాడా అని తినేవాళ్ళం.

రాష్ట్ర జట్టులో ఒకటే ఖాళీ.
వారం ముందు, హార్బర్లో ఐసు దిమ్మలు దించుతూ
వాడి పక్కటెముక మీద దెబ్బ తిన్నాడు.
మాస్టారికి చెప్పకన్నాడు.
మందు రాసింది నేనే.
ఎక్కడ నొక్కితే ఊపిరాగుతుందో
నా బొటనవేలికి తెలుసు.

మూడో రౌండులో అక్కడే కొట్టాను.
రెండుసార్లు.
రెండోది అక్కర్లేదు.

నాయకుడు తెల్ల కారులో వచ్చాడు.
పోర్టులో ఉద్యోగం, స్పోర్ట్స్ కోటా,
"నేనున్నా కదా తమ్ముడూ" అన్నాడు.
జగదాంబ జంక్షన్లో ఫ్లెక్సీ కట్టించాడు,
మన ధర్మం, మన పిడికిలి, కింద నా ఫొటో.
అది మేమిద్దరం భుజాల మీద చేతులేసుకుని దిగింది.
కంప్యూటర్లో వాణ్ణి చెరిపేశారు గాని
నా భుజమ్మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి.
ఎవరూ చూడలేదు.
నేను చూసి, బాగుందన్నాను.

నిమజ్జనం రోజు
దర్గా సందు మొదట్లో లారీ ఆగింది.
డీజే పెంచారు.
ఎందుకాపారో అందరికీ తెలుసు,
పైన మెడల్ వేసుకుని నిలబడ్డ నాకూ తెలుసు.
సగం దించిన షట్టరు కింద నుంచి
జిలానీ బయటికొచ్చాడు, చేతులకి స్టవ్వుల మసి.
ఎవడో విసిరిన చెప్పు షట్టరుకి తగిలింది.
వాడు అటు చూళ్ళేదు.
నన్ను చూస్తూ, మెల్లగా,
ఎడం పిడికిలి గడ్డం దాకా ఎత్తాడు.

"సవాలు చేస్తన్నాడ్రా!" అంటూ
పదిమంది దూకేశారు.

అది సవాలు కాదు.
ఆ గుంపులో దాని అర్థం తెలిసినవాణ్ణి
నేనొక్కణ్ణే.
నోట్లో మౌత్‌గార్డు ఉన్నట్టు నిలబడ్డాను.

కవ్వించాడని వాడి మీదే కేసు రాశారు.
ఇప్పటికీ తేల్చుకోలేను,
గార్డు ఎత్తమన్నాడా,
ఎక్కడ దించేశానో చూపించాడా.

క్యాంపులో గ్లవ్సుకి లేసుల్లేవు, అన్నీ వెల్క్రోవే,
పళ్ళతో లాగి ఒక్కడే బిగించుకోవచ్చు.

మొన్నటి గాలివానకి ఫ్లెక్సీ ఊడిపోతే
మా అమ్మ తెచ్చి, కారుతున్న రేకుల కింద కట్టింది.
జాలరిపేటలో చాలా ఇళ్ళకి అదే కప్పు.
వెల్లకిలా పడుకుంటే
పైన నా మొహం, పళ్ళికిలించి.
భుజమ్మీద నాలుగు వేళ్ళు.
బొటనవేలు
వీపు వెనకాల ఉండుండాలి.