దంచకు

సులాస్త్రి కుడి మణికట్టుకి పిండికట్టు.
మెట్ల మీద మామిడిపండు తొక్కి జారిందట.
డార్విన్‌లో నవంబరంటే మెట్లనిండా మామిడిపళ్ళే,
తినేవాళ్ళకంటే రాలేవి ఎక్కువ.
ఆరువారాలు సంబల్ లేకుండా అన్నం ఎట్లా దిగుతుందని
కిందవాటా నుంచి నన్ను కేకేసింది.

కొత్తలో ఆ మాట నాకు సంబళంలా వినపడేది.
నాలుగు రాళ్ళ సంగతేమో అనుకున్నాను.
తీరా చూస్తే ఒకటే రాయి.
పళ్ళెంలా పరుచుకున్న నల్లరాయి,
మెడ వంచుకున్న పిడి.
మలాంగ్ నుంచి లుంగీలో చుట్టి
విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట.
ఎడంపక్క ఎక్కువ అరిగింది,
వాళ్ళత్తది ఎడమచేతివాటం.
"సబ్బు తగలనివ్వకు" అంది ముందుగా,
తరవాతే కూచోమంది.

ఆదివారం రాపిడ్ క్రీక్ సంతలో కొన్న
పండుమిరపకాయలు పద్నాలుగు,
చిట్టిమిరపకాయలు నా ధైర్యం కొద్దీ,
నూనెలో మగ్గిన చిన్నుల్లిపాయలు, ఒక టమాటా,
గోరంత తాటిబెల్లం.
ఆఖర్న రేకుకాగితం మడతల్లోంచి
నల్లటి ముద్ద ఒకటి. తెరాసి.

అది పొయ్యి మీద కాలగానే
స్మోక్ అలారం కెవ్వుమంది.
సులాస్త్రి ఎడమచేత్తో చీపురుకర్ర అందుకుని
దాని నోరు నొక్కింది, రోజూ చేసే పనిలా.
నేను కదల్లేదు.
నిజాంపట్నం రేవులో రొయ్యపొట్టు ఆరబోసిన వాసన.
గుంటూరు హాస్టల్లో
అమ్మ పంపిన డబ్బా మూత తీసిన రోజు
గది గదంతా ముక్కు మూసుకుంటే
వాళ్ళతోపాటు నేనూ మూసుకున్నాను.
ఎవరిదే ఇది, అని కూడా అడిగాను.

పిడి ఎత్తి ఒక్క పోటు వేశాను.
గింజ ఎగిరి ఆమె పిండికట్టు మీద పడింది.
"నో హిట్, నో హిట్."
ఎడమచెయ్యి గాల్లో ముందుకి తోసి, వెనక్కి లాగి,
కొసన కొద్దిగా తిప్పి చూపించింది.

దంచడం, నూరడం, రుబ్బడం:
నా భాషలో మూడు మాటలున్నాయి,
మూడింటికీ వేరే వేరే రాళ్ళుండేవి.
పదకొండేళ్ళుగా మిక్సీకి ఒకటే మీట.
నా మణికట్టుకి ఒక్క మాటా రాదు.

వెనక నిలబడి భుజం మీద బరువు మోపింది.
దంచకు. నెట్టు. లాగు.
తొక్క చిట్లి, గింజ నలిగి,
ఉల్లి మిరపలోకి నీరయ్యి,
ఎక్కడో ఒకచోట రాయి గరగర మానింది.
వేలితో నాకి "రస" అంది.
నాలిక్కి తెలిసేదీ, గుండెకి తగిలేదీ
వాళ్ళకి ఆ ఒక్క మాటేనట.
మాకు రసమంటే చారు, అన్నాను.
నవ్వొచ్చిందో ఘాటుకి దగ్గొచ్చిందో,
చాలాసేపు కళ్ళు తుడుచుకుంది.

వేడన్నం, వేయించిన ఎండుచేప, దోసకాయ చెక్కలు.
అరచెంచా చాలంది. వినలేదు నేను.
గుంటూరు నీళ్ళు తాగినదాన్ని, కారం నాకేం కొత్త?
చెవుల్లోంచి వచ్చింది.
పంచదార డబ్బా ఎక్కడుందో
ఆమె కావాలనే చెప్పలేదు.

సాయంత్రం డ్యూటీ, పదో నెంబరు బస్సు.
రాయికి తగలనివ్వని సబ్బంతా చేతులకి రాసినా
స్టీరింగ్ మీద రెండరచేతులూ భగభగ.
ఆకాశంలో వాన లేని ఉరుములు.
కాజువారినా దగ్గర ఒక పిల్లాడు ఎక్కుతూ
ముక్కు ఎగబీల్చి వాళ్ళమ్మనడిగాడు,
ఎవరిదీ వాసన?

నాదే, అని తలుపు మూశాను.
అద్దంలో చూస్తే
ఇంకా ఎగబీలుస్తూనే ఉన్నాడు.