చెంబు

యాకయ్య చెప్పులు గూడ ఇడువకుండ
వాకిట్లనే నిలబడి చెప్పిపోయిండు:
"రేపు పొద్దుగాల ఏడింటికి, రెండో నంబరు గేటు కాడ
మాట్లాడాల్సింది నువ్వే అక్కా.
మొగోణ్ణి, నేను జెప్తే ఏం బాగుంటది?"

మరిది బిడ్డ సంధ్య రాసిచ్చింది, రెండు పేజీలు.
నాటేసినట్టు వరుసగున్నయ్ అక్షరాలు.
"శ్రామిక సోదరీమణులారా,
మన న్యాయమైన కోర్కెల సాధనకై..."
సాధనకై కాడ నాలుక మడత పడ్డది.
మళ్ళ చదివిన. మళ్ళ పడ్డది.
గంజి వార్చుకుంట చదివిన,
చెయ్యి కాలింది గని మాట తిరుగలే.
నా చదువు ఏడో తరగతి.
గొంతు మాత్రం ఎనుమాముల యార్డుల
ఇరవై రెండేండ్ల మిర్చి దుమ్ము తిన్నది.

రెండో పేజీల ఒక మాటున్నది: మూత్రశాల.
దాని కాడ ఆగిపోయిన.
గా మాట మైకుల అంటే
మావోళ్ళు కొంగు నోట్ల కుక్కుకుంటరు.
ఒంటికి పోవుడు అంటే
కాంటా కాడి హమాలీలు నవ్వుతరు.
బాత్రూం అంటే సెక్రటరీ సారు
"ఉన్నది గదమ్మా" అంటడు.
ఉన్నది. తాళం గూడ ఉన్నది.
తాళంచెవి అటెండరు జేబుల ఉన్నది.
అటెండరు ఏ యాళ్లకు ఏడుంటడో
భద్రకాళమ్మకే ఎరుక.

అద్దం ముంగట నిలబడి కోపంగ చెప్పి చూసిన.
మా ఆయన మంచంల నుంచే అన్నడు:
"నీ ఒర్రుడుకు బస్సు ఆగుతది గని
కూలి ఇడిచిపెట్టి మనిషి ఆగదు."
నిజమే.
సారమ్మకు మూడొందల యాభై అంటే చిట్టీ పైసలు.
కొంరమ్మ ముందుగాల అడ్తిదారు మొఖం చూస్తది,
అటెన్కనే నవ్వాల్నో వద్దో చూసుకుంటది.
గీళ్ళను రెండు పేజీలు ఏం కదిలిస్తయ్?

లైటు తీసేసిన. నిద్ర రాలే.
చీకట్ల నా దినం లెక్క పెట్టుకున్న.
పొద్దుగాల ఛాయ్, సగం గ్లాసు.
తొమ్మిదింటికి తాలు ఏరుడు, ముక్కుల మంట, గొంతుల మంట.
నీళ్ళ బాటిల్ పక్కనే ఉంటది, మూత తియ్య.
పన్నెండింటికి సద్ది. నోరు తడుపుకుంట, మింగ.
మాపటికి బస్సు దిగి ఇంటికి ఉరుకుడు.
గంత నిప్పుల కూసోని
దూప కాకుండ బతుకుడు నేర్చుకున్నం,
రెండొందల మందిమి.
ఒకరికొకరం ఎన్నడు చెప్పుకోలే.

పోయిన ఎండకాలం రజియాను ఎంజీఎంకు తోల్కపోయిన.
డాక్టరు పిల్ల స్కానింగు చూసి అడిగింది:
"నీళ్ళెందుకు తాగవమ్మా?"
"యాది మరుస్త మేడం" అన్నది రజియా.
నా దిక్కు చూడలే.
నేను గూడ గోడ మీది క్యాలెండరు చూసిన.

మూడింటికి లేచిన.
కాయితం మడిచి బియ్యం డబ్బల పెట్టిన,
సంధ్య మనసు నొచ్చుకుంటదని పారెయ్యలే.
ఇత్తడి చెంబు దీసి చింతపండుతోని తోమిన.

తెల్లారినంక ఇట్ల చేస్త.
మైకు ముట్ట.
గేటు ముంగట చపాటా బస్తా ఎక్కి
అందరు చూడంగ చెంబెత్తి తాగుత,
ఉరుకులాట లేకుండ,
గొంతు కదిలేది ఎనకున్నోళ్ళకు గూడ కనపడేటట్టు.
మళ్ళ నింపి రజియా చేతికిస్త.
"తాగు. ఇయ్యాల తాళం దీసేదాంక తాలు ఏరం."
గంతే నా స్పీచు.

రజియా తాగుతదో, తాగకుండనే కొంరమ్మకు అందిస్తదో
తెల్వదు.
చెంబు నడుమనే ఆగితే
ఒక్కదాన్నే పోయి కూసుంట
సెక్రటరీ సారు రూము ముంగట, కడుపు నిండ నీళ్ళతోని.
ఎంతసేపు ఆపుకుంటనో సారే చూడనీ.

ఐదైంది. నల్లా ఇంక రాలే.
బిందె అడుగున ఉన్నయి చెంబుల వంపుకోని
తాగి చూసిన.
సగం కాడనే గొంతు మూసుకున్నది,
అలవాటు తప్పిన పని గద.
మళ్ళ ఎత్తిన.