చిలక

బాత్రూము తలుపుకి లోపలివైపు ఒకటుంది.
దాని పేరు తర్వాత చెబుతాను.
లక్కసంద్రలో ఈ ఇంటికొచ్చి పదకొండేళ్ళు,
దాన్ని నేను ముట్టుకున్నది లేదు.
తలుపు ఓరగా వేస్తే
నాగవేణక్క బయట పీటేసుకుని కూచుంటుంది.
చెంబు చప్పుడు ఆగితే చాలు
"ఏమే" అంటుంది.
"ఉన్నా" అంటాను.
నా స్నానాలన్నీ ఆ రెండు మాటల మధ్యే.

వచ్చేముందు మాడిన బెల్లం వాసన వచ్చేది,
ఎవరి పొయ్యి మీదా లేని బెల్లం.
కడుపులోంచి ఒక లిఫ్టు పైకి లేచేది.
ఆ తర్వాతది చూసినవాళ్ళు చెప్పాలి.

ఒకసారి సిల్క్‌బోర్డు బస్టాపులో
ఎవరో నా గుప్పిట్లో తాళాలగుత్తి కుక్కి
బస్సెక్కి వెళ్ళిపోయారు.
తెలివొచ్చి చూసుకుంటే ఐదు తాళంచెవులు,
ఏ వీధిలో ఏ తలుపులవో!
ఆ రాత్రి నా మూలంగా ఎవరో
సొంత గుమ్మం బయటే నిలబడి ఉంటారు.

హోసూరు రోడ్డు ఆసుపత్రిలో
ఎడమ కణత లోపల చింతగింజంత మచ్చ చూపించి
తీసేశారు.
కుట్లు చెవి ముందు మొదలై
ప్రశ్నార్థకంలా తిరిగాయి.
జవాబు ఏడాదికి గానీ చెప్పలేమన్నారు.

ఏడాదికి చెప్పారు: ఫలితం ఒకటో తరగతి.
"బెల్లం వాసన?" అన్నాడు డాక్టరు.
రెండుసార్లొచ్చింది సార్,
దాని వెనక ఎవరూ రాలేదు.
"అయితే ఒకటో తరగతి, బి సెక్షను"
నవ్వి రాసుకున్నాడు.
ఏడులో ఆగిపోయిన చదువు నాది,
ముప్పైనాలుగేళ్ళకి మళ్ళీ ఒకట్లో కూచోబెట్టారు.

మాత్రలు మానొద్దన్నారు.
పక్క మంచం కోలారు పిల్లాడు, చేతన్‌కి
ఏడో నెల మళ్ళీ మొదలైందట.
వాళ్ళమ్మ ఫోన్లో "నీకెలా ఉంది" అంటే
బాగున్నానని చెప్పడానికి
గొంతు పెగల్లేదు.

పోయినవీ ఉన్నాయి. మాటలు.
వస్తువు కళ్ళెదుటే ఉంటుంది, వాడకం తెలుసు,
పేరు రాదు.
జల్లెడని "పిండి రాల్చేది" అంటాను.
తెలుగు మాట కోసం తడుముకుంటే
కన్నడం ముందొచ్చి నిలబడుతుంది, ఇంటి ఓనరమ్మలా.

నిన్న తువ్వాలు భుజానేసుకుని అన్నాను:
"అక్కా, ఇవాళ... అది వేసుకుంటా. చిలక."
"చిలకేంది?"
వేలు పెట్టి చూపించాను.
అక్క దానివంక చాలాసేపు చూసింది,
నిజంగానే అదేదో ఎగిరిపోయేలా.
తర్వాత పీట తీసుకెళ్ళి వంటింట్లో పెట్టింది.

తుప్పు పట్టింది. రెండు చేతులా లాగాల్సొచ్చింది.
టక్.

నీళ్ళు పోసుకోకుండా ఊరికే నిలబడ్డాను.
చెంబు చప్పుడు లేదు. "ఏమే" లేదు.
వంటింట్లో గిన్నెలు కూడా ఊపిరి బిగబట్టాయి.

మాట అప్పుడొచ్చింది. గడియ.

గడియంటే పొద్దు లెక్క కూడా,
ఇరవైనాలుగు నిమిషాలని మా జేజి చెప్పేది.
అన్ని నిమిషాలు నేను
ఒక్కదాన్నే ఎప్పుడూ లేను.

ఎవరూ అడగలేదు.
అయినా తలుపు దిక్కు తిరిగి
"ఉన్నా" అని,
చెంబు ముంచాను.